లేచి నిలబడగలరా

మా నాన్న ముప్ఫై ఒక్క ఏళ్లు ఒక తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆ తలుపు వెనక మేనేజరు ఉండేవాడు. మేనేజర్లు మారారు, తలుపుకు రంగులు మారాయి, స్టూలు మాత్రం అదే. లోపలికి ఎవరు వెళ్లినా, బయటికి ఎవరు వచ్చినా నాన్న లేచి నిలబడాలి. రోజుకు ఎన్నిసార్లు లేస్తావని చిన్నప్పుడు అడిగితే, "కూర్చున్నప్పుడల్లా" అనేవాడు. కంపెనీ మూతపడిన రోజు చివరి మేనేజరు మెట్లు దిగి వెళ్లిపోయేదాకా నిలబడే ఉండి, ఆ తర్వాత స్టూలును చంకన పెట్టుకుని ఇంటికి వచ్చాడట. అడిగి తెచ్చాడా, అడక్కుండా తెచ్చాడా అన్నది అమ్మకు ఇప్పటికీ అనుమానమే.

ఆ తర్వాతి చలికాలంలో నాన్నకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట కొంచెం ముద్దగా వచ్చేది కానీ అర్థమయ్యేది. నేను చెప్పబోయేది ఆ వెంటనే వచ్చిన ఎండాకాలం సంగతి.

అమ్మ ఒక చిన్నపిల్లల బడిలో ఆయా. నేను చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే మెషీను మీద పని చేసేదాన్ని. ఇద్దరం ఏడున్నరకే బయలుదేరాలి. అమ్మ తిరిగొచ్చేసరికి రెండు దాటేది. అప్పటిదాకా నాన్నను చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన స్టూలు మీద నీళ్లు, మందులు, మరచెంబు పెట్టి, బయట గొళ్లెం వేసి వెళ్లేవాళ్లం. మధ్యలో ఒకసారి పక్కింటి కండక్టరు బాబాయ్ వచ్చి చూసిపోయేవాడు. బస్సులో ఉద్యోగం మానేసి పదేళ్లయినా ఆయనకు ఎవరినీ ఒక్కచోట నిలబడనివ్వని అలవాటు పోలేదు. వీధిలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా ఆయనే ముందు నడిచేవాడు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో బాబాయ్ ఏదో పని మీద ఊళ్లోకి వెళ్లాడు. ఆ రోజే నాన్న కుర్చీలోంచి జారిపోయాడు. అమ్మ వచ్చి గొళ్లెం తీసేసరికి నేల మీద ఉన్నాడు. ఎంతసేపటి నుంచి అని అడిగితే "ఇప్పుడే" అన్నాడు. చెంప మీద గచ్చు పలకల గీతలు అచ్చుపడి ఉన్నాయి. అవి ఇప్పుడే పడినవి కావని అమ్మకు తెలిసిపోయింది. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి నాన్న మంచం మీద ఉన్నాడు. అమ్మ ఆ గచ్చు మీదే కూర్చుని పలకల గీతలను వేలితో రుద్దుతోంది.

మర్నాడు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. నాన్న నడుము కింద పుండు పడిందని, ఇలా ఒక్కడినే వదిలేస్తే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. దారులు రెండే ఉన్నాయన్నాడు. ఒకటి ప్రభుత్వం వాళ్ల ఇంటి నర్సు పథకం. అది మంజూరైతే వారానికి ఐదు రోజులు, పొద్దుటి పూటంతా ఒక నర్సు ఇంట్లో ఉండి చూసుకుంటుంది. రెండోది, చూసుకునేవాళ్లు లేని రోగులను ఉంచే వెనక వార్డు. ఆ మాట అనేసి, చూస్తే మంచిదని మమ్మల్ని అటు పంపించాడు.

వెనక వార్డు పొడుగాటి హాలు. రెండు వరసల మంచాలు, మధ్యలో నడవ. ఒక ముసలాయన నీళ్లు, నీళ్లు అంటున్నాడు. హాలు మొత్తాన్ని చూసుకోవడానికి ఉన్న ఒకే ఒక్క మనిషి ఇంకో మంచం దగ్గర దుప్పటి మారుస్తూ, వస్తున్నా తాతా అని ఓపిగ్గా బదులు చెబుతోంది. ఆమె తప్పేమీ లేదు, ఆమెకూ రెండే చేతులు. నేను చక్రాల కుర్చీ తోసుకుంటూ అటు నుంచి ఇటు వచ్చాను. ఇంటికి వచ్చి మంచం మీద పడుకోబెట్టాక నాన్న నా కొంగు పట్టుకున్నాడు.

"నన్ను అందులో వెయ్యకు అమ్మడూ."

మా నాన్న ఎవరినీ ఏదీ అడగగా నేను వినలేదు. అడిగింది అదొక్కటే.

దరఖాస్తు బాబాయే రాశాడు. అడగందే అమ్మైనా పెట్టదంటూ అమ్మకు నచ్చచెప్పి వేలిముద్రలు, సంతకాలు అన్నీ ఆయనే పెట్టించాడు. అమ్మకు ఇష్టం లేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఆమె సిద్ధాంతం. ఇంట్లో కష్టం ఇంట్లోనే ఉండాలి, వీధికి చెప్పుకుంటే పోయేది మన పరువేగానీ కష్టం కాదంటుంది. కానీ గచ్చు పలకల గీతలు చూసిన మనిషి కనక సంతకం పెట్టింది. ఒక తనిఖీ అధికారి ఇంటికి వచ్చి, పేషెంటును కళ్లారా చూసి, ప్రశ్నలు అడిగి రాసుకుంటుందని, దాన్నిబట్టే మంజూరు చేస్తారని ఆఫీసులో చెప్పారు.

తనిఖీ రోజున అమ్మ సెలవు పెట్టింది. తెల్లారకముందే లేచి ఇల్లు రెండుసార్లు కడిగింది. బెడ్‌పాన్ కనపడకుండా పెరట్లోకి పోయింది. మందుల సీసాలు అలమరలోకి పోయాయి. పుండు వాసన రాకుండా పక్కబట్టలన్నీ మార్చింది. నాన్నకు గడ్డం గీసి, తల దువ్వి, ఆఫీసు చొక్కా తొడిగింది. ఆ చొక్కాకు ఊడిపోయిన రెండు గుండీలు ముందు రోజే నేను కుట్టాను, అంచు చిరిగిన కాజా కూడా బాగుచేశాను. నాకూ ఆ పాపంలో భాగముంది.

బాబాయ్ వచ్చి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇల్లు ఇలా అద్దంలా పెడితే పథకం ఎవరిస్తారమ్మా అని నెత్తి కొట్టుకున్నాడు. ఇంటికి మనిషి వస్తుంటే కంపుతో కూర్చోబెట్టమంటావా అని అమ్మ ఆయన్ను పంపించేసింది.

పదకొండింటికి తనిఖీ మేడమ్ వచ్చింది. రాక్షసి ఎవరో వస్తుందనుకున్నాను నేను. నలభై దాటిన మామూలు ఆడమనిషి, ఎండకు మొహం కందిపోయి, చంకలో ఫైళ్లు, చేతిలో గొడుగు. గుమ్మంలో ఆగి, లోపలికి రావచ్చా అని అడిగింది.

నాన్న లేచాడు.

కుడిచెయ్యి కుర్చీ చేతి మీద బిగుసుకుంది. మొహం ఎర్రబడింది. మేమెవ్వరం పట్టుకోలేదు. నాలుగు నెలలుగా ఇద్దరం చెరో వైపూ పట్టి ఎత్తితే గానీ కదలని మనిషి, కుర్చీలోంచి మెల్లగా పైకి వచ్చి నిలబడ్డాడు. ఎడమకాలు వణుకుతోంది, అయినా నిలబడ్డాడు. అమ్మ మంచినీళ్ల గ్లాసు తెస్తూ మధ్యలోనే ఆగిపోయింది.

"రండి మేడమ్," అన్నాడు నాన్న.

ఆవిడ వచ్చి బల్ల మీద కూర్చుని, ఫైలు తెరిచి, కలం తీసి, అప్పుడు తలెత్తి చూసి, అయ్యో కూర్చోండి కూర్చోండి అంది. అప్పుడు కూర్చున్నాడు.

తర్వాత ప్రశ్నలు. స్నానం ఎలా చేస్తారని అడిగింది. ఇబ్బందేం లేదండి అన్నాడు. అన్నం తినడం? తింటానండి. పక్క మీద అటూ ఇటూ తిరగడం? ఫరవాలేదండి. ఒంటరిగా ఉంటే భయమేమైనా? భయమెందుకండీ. ముప్ఫై ఒక్క ఏళ్లు మేనేజర్లు ఏది అడిగినా చెప్పిన జవాబులే అవి. టీ తెచ్చావా, ఎండలో వెళ్లగలవా, జ్వరం తగ్గిందా అని ఏదడిగినా నాన్న దగ్గర ఉన్నది ఒకటే మాట, ఇబ్బందేం లేదండి.

ఆవిడ ఒక్కొక్కటే రాసుకుంది. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. మేడమ్, ఆయన లేవడం ఇన్నాళ్లలో ఇదే మొదటిసారి అని నేను చెప్పాలి. పుండు చూడండి, బెడ్‌పాన్ పెరట్లో ఉంది అని చెప్పాలి. నోరు తెరిచాను కూడా. అప్పుడు అమ్మ నా వైపు చూసింది. కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి, మొహమంతా నవ్వు. పెళ్లినాటి ఫొటోలో కూడా మా అమ్మ అలా నవ్వలేదు. నాకు పథకం గుర్తు లేదు, వెనక వార్డు గుర్తు లేదు. మా నాన్న నిలబడ్డాడు, అంతే. ఆ ఒక్కమాటే తలలో తిరుగుతోంది. నోరు మూసుకున్నాను.

మేడమ్ నీళ్లు తాగి, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో అందరం మామూలు కంటే రెండు ముద్దలు ఎక్కువ తిన్నాం. బాబాయ్ పరిగెత్తుకొచ్చి, నిలబడ్డావట కదా అన్నయ్యా, నాకూ ఒకసారి చూపించు అన్నాడు. నాన్న ప్రయత్నించాడు. చెయ్యి బిగించాడు, ఊపిరి బిగబట్టాడు. ఒళ్లు లేవలేదు.

"నువ్వేమన్నా ఆఫీసరువా, నీకు లేవడానికి?" అని నాన్న నవ్వాడు. మేమందరం నవ్వాం.

పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. దరఖాస్తుదారు ఎవరి సాయమూ లేకుండా లేచి నిలబడగలరని, తన పనులు తాను చేసుకోగలరని, కనక పథకానికి అర్హులు కారని అందులో ఉంది. అమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి విన్నాక, నిలబడటం కూడా తప్పేనా అంది. ఎవరిని అడిగిందో తెలియదు. నాన్న కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, పోనీలే, ఆవిడ చూసిందే రాసింది అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు మొదలుపెట్టాను తిరగడం. ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు అడిగి, పొద్దున్నే కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాను. ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసు, అక్కడి నుంచి ఇంకో కిటికీ. మా వీధి చివరి ఆరోగ్య కేంద్రంలో టీకాల నర్సమ్మ ఉండేది. నాన్న పుండుకు కట్టు మార్చడానికి రెండు రోజులకోసారి వచ్చేది, తన డ్యూటీలో లేని పని అయినా. ఆవిడే ఉత్తరం చదివి, ముప్ఫై రోజుల్లోగా అప్పీలు పెట్టుకుంటే మళ్లీ తనిఖీకి వస్తారని చెప్పింది. అప్పీలు కాగితానికి కేంద్రం డాక్టరు చేత సంతకం కూడా చేయించింది. వెళ్లబోతూ నన్ను గుమ్మం అవతలికి పిలిచింది.

"ఈసారి మాత్రం ఆయన్ని లేవనివ్వకండమ్మా. ఆ ఒక్కటీ చూసుకోండి, చాలు."

అలా మొదలైంది మా ఇంట్లో ఆ పాఠం.

రోజూ పొద్దున్న నేను చెప్పులు వేసుకుని, బ్యాగు చంకన పెట్టుకుని, బాబాయ్ గొడుగు అడిగి తెచ్చుకుని వీధిలోకి వెళ్లేదాన్ని. గుమ్మంలో ఆగి, లోపలికి రావచ్చా అనేదాన్ని. నాన్న లేవకుండా కూర్చోవాలి. మొదటిరోజు నాన్నకు నవ్వొచ్చింది. అచ్చం మేడమ్‌లాగే ఉన్నావు, ఆ గొడుగొక్కటే మగాళ్లది అన్నాడు. కానీ నేను గడప దాటగానే కుడిచెయ్యి కుర్చీ చేతిని పట్టుకుంది.

"లేవొద్దు నాన్నా."

"లేవలేదే."

"మరి ఆ చెయ్యి?"

నాన్న తన చేతిని తానే చూసుకున్నాడు. మెల్లగా వేళ్లు వదులు చేశాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నేను కన్నకూతురినని ఆయనకు తెలుసు, నాటకమని తెలుసు. అయినా గొడుగు, బ్యాగు కనపడగానే ఒంట్లో ఏదో లేచేది. మొక్కై వంగనిది మానై వంగునా అని బాబాయ్ పెదవి విరిచాడు. నాన్నకు కోపం కూడా వచ్చింది ఒకరోజు. ఇంటికొచ్చిన ఆఫీసరు ముందు కుర్చీకి అతుక్కుని కూర్చుంటే మనిషంటారా, ఎద్దంటారా అన్నాడు. నేను గొడుగు పక్కన పెట్టేసి ఫ్యాక్టరీకి వెళ్లిపోయాను. ఆ రోజు నా మెషీను మీద కాజాలన్నీ వంకరగా పడ్డాయి.

జవాబులు ఇంకా కష్టమయ్యాయి. ఇబ్బందేం లేదండి అనకూడదు, చేసుకోలేనండి అనాలి. ఆ మాట నాన్న నోట రాదు. అబద్ధం ఎలా చెప్పమంటావు అన్నాడు.

"అబద్ధం కాదు నాన్నా, ఇదే నిజం. అప్పుడు చెప్పిందే అబద్ధం."

నాన్న పక్కనున్న స్టూలు వైపు చూశాడు.

"అయితే నేను అక్కడ ముప్ఫై ఒక్క ఏళ్లూ అబద్ధమే చెప్పానన్నమాట," అన్నాడు.

నేను బ్యాగు తీసుకుని మళ్లీ వీధిలోకి వెళ్లాను. మళ్లీ గుమ్మంలో నిలబడ్డాను.

పదో రోజున నాన్న ఒక ఉపాయం కనిపెట్టాడు. నేను గుమ్మంలోకి రాగానే కుడిచేతిని తొడ కిందికి తోసేసి, దాని మీద బరువంతా వేసి కూర్చున్నాడు. తల వంచుకున్నాడు. నేను లోపలికి వచ్చి, బల్ల మీద కూర్చుని, బ్యాగు తెరిచేదాకా కదల్లేదు. స్నానం ఎలా చేస్తారని అడిగాను. చేసుకోలేనండి అన్నాడు. అన్నం తినడం? కలిపి పెట్టాలండి. పక్క మీద తిరగడం? ఒకరు తిప్పాలండి. అన్నీ తప్పు లేకుండా చెప్పాడు. శభాష్ నాన్నా అన్నాను, బడిలో పిల్లాడితో అన్నట్టు. నాన్న తలెత్తి, బాగా చెప్పానా అని అడిగాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు గిన్నెలు తోమింది. అవి పొద్దుటే తోమిన గిన్నెలు.

రెండో తనిఖీకి ఆ మేడమే వచ్చింది. ఈసారి బెడ్‌పాన్ మంచం కిందే ఉంది, మందులు స్టూలు మీదే ఉన్నాయి. ఇల్లు మాత్రం అమ్మ ఒకసారి కడిగింది, అంతకంటే దిగజారలేనంది. ఆవిడ గుమ్మంలోకి రాగానే నాన్న చెయ్యి తొడ కిందికి పోయింది. ఆయన్ను చూసి, ఆవిడే ముందుగా, లేవకండి అంది. ఫ్యాను తిరుగుతున్నా నాన్న నుదుటి మీద చెమట పట్టింది.

ప్రశ్నలు వరసగా అడిగింది. నాన్న వరసగా అప్పజెప్పాడు. చేసుకోలేనండి. కలిపి పెట్టాలండి. తిప్పాలండి. చివర్లో, మేము నేర్పని ప్రశ్న ఒకటి అడిగింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పొద్దంతా ఏం చేస్తుంటారు అని.

నాన్న నా వైపు చూశాడు.

"తలుపు వైపు చూస్తుంటానండి," అన్నాడు.

ఆవిడ ఏదో రాసి ఫైలు మూసింది. నేను వీధిదాకా సాగనంపాను. గొడుగు విప్పుతూ, మొదటిసారే మీలో ఒక్కరు నోరు విప్పి ఉంటే బాగుండేదమ్మా అంది. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంటుంది. నేను తిరిగి లోపలికి వచ్చేసరికి నాన్న ఆ చేతిని ఇంకా తొడ కింది నుంచి తియ్యలేదు. తీసి చూస్తే వేళ్లు పాలిపోయి ఉన్నాయి. నేను రుద్దుతుంటే, నా గురించి ఏమనుకుందో, కనీసం లేవను కూడా లేవలేదు అన్నాడు.

మంజూరైంది. వారం తిరక్కుండా నర్సు వచ్చింది. తనతోపాటు గాలి పరుపు తెచ్చింది. మాటకు ముందు నవ్వే పిల్ల. నాన్నను అంకుల్ అనేది, గంటకోసారి పక్క మార్చేది, పుండుకు మందు వేసేది. నెల తిరక్కుండా పుండు సగానికి సగం మానింది. అమ్మ మొదటి రెండు రోజులూ ఆ పిల్ల వెనకాలే తిరిగి, మూడో రోజు గొళ్లెం వేయకుండా బడికి వెళ్లింది. తలుపు గొళ్లెం వేయకుండా వెళ్లడం ఎంత తేలిగ్గా ఉంటుందో వేసేవాళ్లకే తెలుస్తుంది.

మంజూరు ఉత్తరంలో కింద ఒక వాక్యం ఉంది. మూడు నెలలకోసారి తనిఖీ ఉంటుంది, లబ్ధిదారు లేచి నిలబడగలిగిన పక్షంలో సేవలు నిలిపివేయబడతాయి. అమ్మ దాన్ని అలమర తలుపుకు లోపలి వైపు అంటించింది.

పథకంలోనే వారానికోసారి కసరత్తు చేయించే డాక్టరు కూడా వస్తాడని మాకు ముందు తెలియదు. నర్సు వచ్చిన రెండో వారం వచ్చాడు. కుర్రవాడు, సైకిలు మీద వచ్చాడు. నాన్న కాలు మడిచి, చాపి, పాదం కింద అరచెయ్యి పెట్టి తొయ్యమన్నాడు. నాన్న తోశాడు. ఆ డాక్టరు కళ్లు పెద్దవి చేశాడు.

"కాల్లో బలం ఉందే. ఎప్పుడైనా లేచి నిలబడ్డారా?"

మేము ముగ్గురం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. ఆ రోజు అమ్మకు బడి లేదు, నాకూ ఫ్యాక్టరీ సెలవు. లేదండి అంది అమ్మ. అబద్ధమంటే ఆమడ దూరం పారిపోయే మనిషి.

అయితే ఇప్పుడు ప్రయత్నిద్దాం అన్నాడతను. సరిగ్గా ఇలాంటి సమయంలోనే కాలికి అలవాటు చెయ్యాలి, ఈ రెండు నెలలు దాటితే ఇక కష్టం అని కూడా చెప్పాడు. ఒళ్లో అట్ట, దాని మీద కాగితం, కాగితంలో గళ్లు. అట్ట పక్కన పెట్టి, కుర్చీకి ఎదురుగా నిలబడి, రండి అంకుల్, లేవండి అని చేతులు చాపాడు.

నాన్న కుడిచెయ్యి కుర్చీ చేతి మీదికి వెళ్లింది. పాదాలు నేల మీద సర్దుకున్నాయి. అప్పుడు నా వైపు చూశాడు. పాఠం చెప్పిన పది రోజులూ అలాగే చూసేవాడు, సరిగ్గా చేస్తున్నానా అని.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు ఆ రెండూ కనపడ్డాయి. ఒకవైపు, ఈ రెండు నెలలు దాటితే ఇక లేవని కాలు. ఇంకోవైపు, అలమర తలుపు వెనక వాక్యం, దాని వెనక పొడుగాటి హాలు, నీళ్లు, నీళ్లు అంటున్న ముసలాయన. ఈ కుర్రవాడు వెళ్లిపోయాక తలుపు వేసుకుని మేమే నేర్పుకుందాం, ఎవరికీ తెలియకుండా మెల్లగా నిలబెట్టుకుందాం అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను. తల అడ్డంగా ఊపాను. చాలా కొంచెం ఊపాను.

నాన్న చెయ్యి తొడ కిందికి వెళ్లిపోయింది.

"రావట్లేదండి," అన్నాడు.

డాక్టరు గడిలో ఏదో రాసుకుని, ఫరవాలేదు, వచ్చేవారం చూద్దాం అన్నాడు. వచ్చేవారమూ అంతే జరిగింది. ఆ పైవారమూ అంతే. తర్వాత అతను అడగడం మానేసి కాలు మడిచి చాపి వెళ్లిపోయేవాడు.

నాన్న ఆ తర్వాత రెండేళ్లు ఉన్నాడు. మళ్లీ పుండు పడలేదు. వెనక వార్డుకు వెళ్లలేదు. మా చేతుల్లో, మా ఇంట్లో, గాలి పరుపు మీదే వెళ్లిపోయాడు. ఆయన నన్ను అడిగింది అదొక్కటే, అది ఇచ్చాను. అలా అనుకుని ఊరుకోమంటుంది అమ్మ. ఊరుకోగలిగితే ఇదంతా చెప్పేదాన్ని కాదు.

చెప్పవలసింది ఆ ఎండాకాలం చివరి రోజు ఒకటి మిగిలింది. డాక్టరు మొదటిసారి వచ్చిపోయిన సాయంత్రం అది. మబ్బు పట్టి గాలి మొదలైంది. నర్సు వెళ్లిపోయింది. అమ్మ పెరట్లో బట్టలు తీస్తోంది. నేను వీధి తలుపు వేసి లోపలి గడియ పెట్టాను. కిటికీ రెక్కలు కూడా మూశాను. నాన్నకు ఎదురుగా వచ్చి, ఆ డాక్టరు నిలబడ్డ చోటే నిలబడి చేతులు చాపాను.

"ఇప్పుడు లే నాన్నా. ఇక్కడెవరూ లేరు, మనమే. లే."

నాన్న కుర్చీ చేతిని పట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది. మెడ నరాలు పైకి తేలాయి. కుర్చీ కిర్రుమంది. ఒళ్లు అంగుళం కూడా లేవలేదు. కాసేపాగి మళ్లీ పట్టుకున్నాడు. అమ్మ బట్టలతో వచ్చి పెరటి గుమ్మంలోనే నిలబడిపోయింది. మూడోసారి నేనే రెండు చంకల కింద చేతులు వేసి లాగాను. ఇద్దరం కలిసి పడబోయి కుర్చీలోనే ఆగాం. నాన్న ఆయాసపడుతూ వెనక్కి వాలాడు.

"ఆవిడొచ్చినప్పుడు లేచావుగా నాన్నా," అన్నాను. నాకు ఏడుపు వస్తోంది. "అప్పుడెలా లేచావు?"

నాన్న మూసి ఉన్న తలుపు వైపు చూశాడు. నన్ను ఓదారుస్తున్నట్టుగా, మంచి కుడిచేత్తో నా చెయ్యి తట్టాడు.

"అప్పుడు మనింటికి మనిషొచ్చింది కదా అమ్మడూ," అన్నాడు. "ఇప్పుడెవరూ రాలేదుగా."